రెండోసారి దివాలా, ఆ వెంటనే హైదరాబాద్ ప్రయాణం: ఒక చాప్టర్ 7 కేసు పూర్తి వివరాలు

అమెరికాలో ఒకసారి దివాలా పిటిషన్ వేసినవాళ్ళు మళ్ళీ వేయవచ్చా అంటే, వేయవచ్చు. దివాలా నడుస్తుండగా దేశం వదిలి వెళ్ళవచ్చా అంటే, వెళ్ళవచ్చు. చట్టం ఈ రెండింటిలో దేన్నీ ఆపదు. కానీ రెండూ ఒకే ఏడాదిలో పడితే అసలు ప్రశ్న వేరే ఉంటుంది. ఏ పని పిటిషన్‌కి ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి, ఏది విమానం ఎక్కేలోపు ముగించాలి? ఈ వరుస తప్పితే మామూలు కేసు కూడా చేతిలోంచి జారిపోతుంది. నేను టెక్సాస్‌లో దివాలా కేసులు చూసే లాయర్‌ని. 2025లో ముగిసిన ఒక కేసుని ఆ దంపతుల అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళని గుర్తుపట్టే వివరాలు మార్చాను. చట్టంలో ఉన్న గడువులు, పరిమితులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

భర్తకి నలభై ఆరేళ్ళు, ఐటీ ఉద్యోగం. భార్య పార్ట్‌టైమ్ అకౌంట్స్ పని చేసేవారు. ఇద్దరు పిల్లలు. అందరికీ అమెరికా పౌరసత్వం, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయ మూలాలవాళ్ళకిచ్చే) కార్డులు ఉన్నాయి. మొదటి దివాలా 2017లో. స్నేహితులతో కలిసి పెట్టిన రెస్టారెంట్ మూతపడింది, లీజుకీ సరఫరాదారుల అప్పులకీ వీళ్ళు ఇచ్చిన పర్సనల్ గ్యారంటీలు మెడకి చుట్టుకున్నాయి. ఇద్దరూ కలిసి చాప్టర్ 7 (మినహాయింపు లేని ఆస్తి ఉంటే అమ్మి అప్పిచ్చినవాళ్ళకి పంచి, మిగిలిన అప్పులు రద్దు చేసే దివాలా) వేసి బయటపడ్డారు. ఆ తర్వాత ఏడేళ్ళు చాలా జాగ్రత్తగా బతికారు. ఇల్లు కొనలేదు, వ్యాపారం జోలికి పోలేదు. 2024 ఆగస్టులో ఆయన ఉద్యోగం పోయింది. అదే సమయంలో పెద్దబ్బాయికి ఆపరేషన్, హైదరాబాద్‌లో ఆయన తండ్రికి డయాలిసిస్ మొదలైంది. డిసెంబరులో నా దగ్గరికి వచ్చేసరికి కార్డులు, పర్సనల్ లోన్లు కలిపి 94,000 డాలర్ల దాకా ఉన్నాయి. ఆయన చేస్తున్నది తక్కువ జీతం కాంట్రాక్టు పని. జూన్‌కల్లా కుటుంబమంతా హైదరాబాద్ వెళ్ళిపోవాలని అప్పటికే నిర్ణయించుకున్నారు. తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు కాబట్టి ఆలోపు చేరాలన్నది భార్య పట్టుదల.

వాళ్ళు వచ్చేటప్పటికే తల నిండా సలహాలున్నాయి. 401(కె) (ఉద్యోగ సంస్థ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ సొమ్ము) మొత్తం తీసేసి హైదరాబాద్‌లో ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇవ్వమని ఒకరు చెప్పారు. టికెట్లు కార్డు మీద కొనేయమని, ఎలాగూ పోయే అప్పే కదా అని ఇంకొకరు. ముందు వెళ్ళిపోయి అక్కడి నుంచి పిటిషన్ వేయమని మరొకరు. అసలు పిటిషనే వద్దు, ఇండియా దాకా వచ్చి ఎవరు అడుగుతారన్నది అన్నిటికన్నా ఎక్కువగా వినిపించిన మాట. ఈ సలహాలు ఇచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కానీ వీటిలో ఏ ఒక్కటి పాటించినా ఈ కేసు ఇంకోలా ఉండేది.

ఎనిమిదేళ్ళు ఎక్కడి నుంచి లెక్క

చాప్టర్ 7లో ఒకసారి డిశ్చార్జ్ (అప్పులు రద్దు చేస్తూ కోర్టు ఇచ్చే ఆర్డర్) వచ్చినవాళ్ళకి మళ్ళీ చాప్టర్ 7లో డిశ్చార్జ్ రావాలంటే ఎనిమిదేళ్ళు గడవాలి. చాలామంది దీన్ని డిశ్చార్జ్ వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. అది సరి కాదు. మొదటి పిటిషన్ వేసిన తేదీ నుంచి రెండో పిటిషన్ వేసే తేదీ వరకు చూడాలి. ఈయన గుర్తుపెట్టుకున్నది డిశ్చార్జ్ ఉత్తరం వచ్చిన 2017 జూన్. "అంటే 2025 జూన్ దాటాలి, అప్పటికి మేము ఇక్కడ ఉండం కదా సార్" అని దిగులుపడ్డారు. కోర్టు రికార్డుల వెబ్‌సైట్ పేసర్‌లో పాత కేసు తీసి చూస్తే పిటిషన్ 2017 మార్చి 14న వేశారు. అంటే 2025 మార్చి 14 దాటితే చాలు. ఎవరి జ్ఞాపకాన్నీ నమ్మకుండా పాత కేసు డాకెట్ (కోర్టు రికార్డు) తీసి చూడటం రెండో దివాలాలో మొట్టమొదటి పని. ఒక్క రోజు ముందు వేసినా కేసు నడుస్తుంది, ట్రస్టీ (కేసులో ఆస్తుల్ని పరిశీలించడానికి నియమించిన వ్యక్తి) ఆస్తులు చూస్తారు, కానీ చివర్లో డిశ్చార్జ్ రాదు.

చాప్టర్ 13 (వాయిదాల్లో అప్పు తీర్చే దివాలా) అయితే ఆగాల్సిన పనే లేదు. చాప్టర్ 7 పిటిషన్ వేసి నాలుగేళ్ళు దాటితే చాప్టర్ 13లో డిశ్చార్జ్‌కి అర్హత ఉంటుంది. డిసెంబరులోనే వేసి కోర్టు దావాలన్నీ ఆపించవచ్చు. కానీ అందులో మూడు నుంచి ఐదేళ్ళు నెలనెలా ట్రస్టీకి కట్టాలి. రూపాయల్లో వచ్చే జీతంతో, డయాలిసిస్ ఖర్చు మోస్తూ, డాలర్లలో అరవై వాయిదాలు కట్టే ప్లాన్ కాగితం మీద నిలబడుతుందేమో గాని నిజ జీవితంలో నిలబడదు. మధ్యలో ఆగితే కేసు కొట్టేస్తారు, అప్పులన్నీ తిరిగి లేస్తాయి. అందుకే దాన్ని పక్కన పెట్టాం.

పిటిషన్ లేకుండా వెళ్ళిపోతే?

ఈ ప్రశ్న ఆయన రెండుసార్లు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. ఇండియా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఏ కింద అమెరికా 'రెసిప్రోకేటింగ్ టెరిటరీ' కాదు. అంటే ఇంగ్లండ్ పై కోర్టుల డిక్రీలా అమెరికా కోర్టు తీర్పుని తెచ్చి నేరుగా హైదరాబాద్ కోర్టులో అమలు చేయించలేరు. ఆ తీర్పు ఆధారంగా అక్కడ కొత్తగా దావా వేయాలి, విదేశీ తీర్పు చెల్లుతుందా అని చూసే సెక్షన్ 13 పరీక్షలకి అది నిలవాలి. కార్డు అప్పు కోసం అంత దూరం వచ్చేవాళ్ళు అరుదే. ఇంతవరకు ఆ సలహా ఇచ్చినవాళ్ళు చెప్పింది నిజమే.

వాళ్ళు చెప్పనిది ఇంకో వైపు ఉంది. వీళ్ళు అమెరికా పౌరులు, ఎక్కడున్నా ఏటా అమెరికా పన్ను రిటర్న్ వేయాలి. అప్పు వసూలు కాదని కంపెనీ రద్దు చేసి 1099-సి ఫారం పంపితే, రద్దయిన మొత్తాన్ని మామూలుగా ఆదాయంగా చూపించాలి. దివాలాలో రద్దయిన అప్పుకి ఆ బెడద లేదు. టెక్సాస్‌లో కోర్టు తీర్పు పదేళ్ళు చెల్లుతుంది, దాన్ని మళ్ళీ పొడిగించుకోవచ్చు. అప్పుతీసుకున్న మనిషి రాష్ట్రంలో లేని కాలాన్ని దావా గడువులోంచి మినహాయించే నిబంధన కూడా ఉంది. ఆరేడేళ్ళకి పిల్లల కాలేజీ కోసం వీళ్ళు తిరిగి వస్తే, ఆ రోజు తెరిచే బ్యాంకు ఖాతాకే ఈ తీర్పులు తగులుకుంటాయి. ఇవన్నీ చెప్పి నిర్ణయం వాళ్ళకే వదిలేశాను. భార్య వెంటనే తేల్చేశారు. "మా పిల్లలు ఇక్కడికి చదువుకోడానికి వస్తారండీ. వాళ్ళు వచ్చేసరికి మా పేరు మీద ఏదీ ఉండకూడదు."

హైదరాబాద్ నుంచి వేయడం కూడా అసాధ్యం కాదు. అమెరికాలో నివాసం లేకపోయినా అక్కడ ఆస్తి ఉంటే పిటిషన్ వేసే అర్హత ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఉన్న కొద్దిపాటి సొమ్ముతో కూడా కోర్టులు సరిపెట్టుకున్న సందర్భాలున్నాయి. కానీ ఏ జిల్లా కోర్టులో వేయాలన్న దగ్గర గత 180 రోజుల్లో ఎక్కువ కాలం ఎక్కడున్నారో చూస్తారు. ట్రస్టీ ముందు జరిగే 341 మీటింగ్‌కి దేశం బయట నుంచి హాజరవ్వాలంటే ముందే అనుమతి తెచ్చుకోవాలి. చేతిలో అవకాశం ఉన్నప్పుడు దాన్ని దూరం నుంచి చేసుకునే కష్టం ఎందుకు?

మార్చి కాదు, ఏప్రిల్

మార్చి 14 దాటగానే వేసేద్దామని ఆయన తొందర. నేను ఏప్రిల్ దాకా ఆగమన్నాను. దీనికి రెండు కారణాలు.

మొదటిది ఆదాయ పరీక్ష, అంటే మీన్స్ టెస్ట్. పిటిషన్ వేసే నెలకి ముందు నిండిన ఆరు క్యాలెండర్ నెలల సగటు ఆదాయం చూస్తారు. ఉద్యోగం పోయినప్పుడు కంపెనీ ఇచ్చిన సెవెరెన్స్ మొత్తం 2024 సెప్టెంబరులో వచ్చింది. మార్చిలో వేస్తే లెక్క సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఆ సెవెరెన్స్ కూడా లోపలికి వస్తుంది, సగటు రాష్ట్ర మధ్యస్థ ఆదాయం, అంటే మీడియన్‌ని దాటుతుంది. ఏప్రిల్‌లో వేస్తే అక్టోబరు నుంచి మార్చి వరకు, అంటే నిరుద్యోగ భృతి, చిన్న కాంట్రాక్టు జీతం మాత్రమే. అవే వాళ్ళ అసలు పరిస్థితిని చూపించే నెలలు.

రెండోది ఆస్తి మినహాయింపులు, అంటే ట్రస్టీ అమ్మకుండా మనం నిలబెట్టుకోగల ఆస్తికి ఉన్న పరిమితులు. టెక్సాస్‌లో ఉండేవాళ్ళు రాష్ట్ర మినహాయింపులైనా, ఫెడరల్ మినహాయింపులైనా ఎంచుకోవచ్చు. సొంత ఇల్లు ఉన్నవాళ్ళకి టెక్సాస్ చట్టం చాలా ఉదారమైనది. కుటుంబానికి 1,00,000 డాలర్ల దాకా సామాను, కార్లు కూడా కాపాడుతుంది. కానీ బ్యాంకులో నగదుని కాపాడదు, ఇండియాలో ఉన్న స్థలాన్ని అసలే కాపాడదు. వీళ్ళది అద్దె ఇల్లు. పైగా షాద్‌నగర్ వైపు ఒక వెంచర్‌లో 150 గజాల ప్లాటు ఇద్దరి పేర్ల మీద ఉంది, 2021లో కొన్నది. అలాంటివాళ్ళకి ఫెడరల్ వైల్డ్‌కార్డే (ఏ ఆస్తికైనా పెట్టుకోగల మినహాయింపే) దిక్కు. ఇంటి మినహాయింపు వాడుకోనివాళ్ళు అందులో కొంత భాగాన్ని ఏ ఆస్తికైనా పెట్టుకోవచ్చు.

ఈ ఫెడరల్ పరిమితులు మూడేళ్ళకోసారి మారతాయి, 2025 ఏప్రిల్ 1న పెరిగాయి. అంతకుముందు వైల్డ్‌కార్డ్ మనిషికి 1,475, దాని మీద 13,950 కలిపి 15,425 డాలర్లు. ఏప్రిల్ 1 నుంచి వేసిన కేసులకి 1,675, దాని మీద 15,800 కలిపి 17,475. కారు మినహాయింపు 4,450 నుంచి 5,025కి, నగలది 1,875 నుంచి 2,125కి పెరిగింది. ఇద్దరికీ కలిపి వైల్డ్‌కార్డ్ 30,850 నుంచి 34,950 అయింది.

ఇప్పుడు వీళ్ళ దగ్గర ఉన్నదాన్ని ఈ కొత్త పరిమితుల పక్కన పెట్టి చూశాం. ప్లాటు విలువ సుమారు 18,000 డాలర్లు. అప్పు తీరిపోయిన పాత కారు 7,500 డాలర్లది, కారు మినహాయింపు పోను 2,475 మిగిలింది. బ్యాంకులో 6,000, రావలసిన టాక్స్ రిఫండ్ 3,800. నగలు 4,000, నగల మినహాయింపు పోను 1,875. అన్నీ కలిపితే 32,150, వైల్డ్‌కార్డ్ లోపలే సరిపోయాయి. ఇదే మార్చిలో వేసి ఉంటే రెండు వేల డాలర్లకు పైగా బయటికి వచ్చేది, ట్రస్టీ ప్లాటు మీద కన్నేసే దారి తెరుచుకునేది.

ఇలా తేదీలు చూసుకోవడం మోసం కాదా అని ఆయనే ఒకసారి అడిగారు. కాదు. ఎప్పుడు పిటిషన్ వేయాలో ఎంచుకునే హక్కు చట్టం అప్పులున్నవాళ్ళకే ఇచ్చింది. ఆస్తిని దాచే హక్కు, ఇంకొకరి పేరు మీదకి మార్చే హక్కు మాత్రం ఇవ్వలేదు. ఈ కేసంతా నేను ఆ గీత మీదే పట్టుబట్టాను.

ప్లాటు, బంగారం, నాన్నగారి ఖాతా

దివాలా చట్టంలో ఆస్తి అంటే 'ఎక్కడ ఉన్నా, ఎవరి దగ్గర ఉన్నా'. షాద్‌నగర్ ప్లాటు డాలస్‌లో ఉన్న ప్లాటులాంటిదే. ఇది చెప్పగానే ఇద్దరి ముఖాలు పాలిపోయాయి, ఎందుకంటే 2017లో వాళ్ళకి ఇండియాలో ఏమీ లేదు, ఈ ప్రశ్నే రాలేదు. విలువ ఎంత రాయాలన్నది తర్వాతి తలనొప్పి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండే ప్రభుత్వ విలువ వేరు, బయట పలికే ధర వేరు. ట్రస్టీకి కావలసింది అమ్మితే వచ్చే ధర. ఈసీ తీయించాం, అదే వెంచర్‌లో ఈమధ్య జరిగిన అమ్మకాల దస్తావేజు నకళ్ళు తెప్పించాం, స్థానిక బ్రోకర్ ఒకరితో ఉత్తరం రాయించాం. పదిహేను లక్షల పైచిలుకు అని తేలింది. ఈ కాగితాలు ముందే ఇవ్వడం వల్ల మీటింగ్‌లో దాని మీద రెండు ప్రశ్నలతో అయిపోయింది.

బంగారం దగ్గర భార్య తడబడ్డారు. "పుట్టింటి వాళ్ళు పెట్టింది కూడా రాయాలాండీ? అది నాది కదా" అన్నారు. ఆవిడదే, అందుకే రాయాలి, పిటిషన్‌లో ఆవిడ కూడా ఉన్నారు కాబట్టి. నాలుగు తులాల పైన ఉన్న నగలని తిరిగి అమ్మితే ఎంతొస్తుందో నగల షాపులో కాగితం మీద రాయించుకొచ్చారు. మా దగ్గరికొచ్చే కుటుంబాల్లో ఎక్కువగా మర్చిపోయేది, లేదా మర్చిపోయినట్టు ఉండాలనుకునేది బంగారమే. పిటిషన్ మీద సంతకం అబద్ధమైతే శిక్ష ఉంటుందన్న హామీతో చేసేది. దివాలాలో ఆస్తి దాచడం ఫెడరల్ నేరం, ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. నాలుగు తులాల కోసం ఎవరూ ఆ టెన్షన్ తలకెత్తుకోకూడదు.

హైదరాబాద్‌లో తండ్రితో కలిపి జాయింట్ ఖాతా ఒకటుంది. అందులో పదకొండు లక్షలు, అన్నీ ఆయన రిటైర్మెంట్ సొమ్ము. కొడుకు పేరు ఆసుపత్రి అవసరాలకి చేర్చింది. ఇది ఇంకొకరి కోసం పెట్టుకున్న సొమ్ము అని పిటిషన్‌లో విడిగా చూపించాలి, తండ్రి పెన్షన్ జమల స్టేట్‌మెంట్లతో రుజువు చేయాలి. చేశాం. ఈ ఖాతాతో ఇంకో సంగతి బయటపడింది. విదేశీ ఖాతాల మొత్తం ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయాలి. వీళ్ళు ఎప్పుడూ వేయలేదు. పన్ను ఎగ్గొట్టినది లేదు కాబట్టి ఆలస్యపు ఎఫ్‌బార్‌లు వేసే పద్ధతిలో వాళ్ళ సీపీఏ (అకౌంటెంట్) మార్చిలోపే సర్దారు. ఖాతాని దివాలా కాగితాల్లో చూపించి, ఎఫ్‌బార్ వేయకుండా వదిలేస్తే ఒక ప్రభుత్వ కార్యాలయానికి చెప్పింది ఇంకో కార్యాలయానికి దాచినట్టవుతుంది.

401(కె), టికెట్లు

ఆయన 401(కె)లో 1,40,000 డాలర్లున్నాయి. ఉద్యోగ సంస్థ ప్లాన్‌లో ఉన్నంతకాలం ఆ సొమ్ము దివాలా ఆస్తిలోకే రాదు, 1992లో అమెరికా సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. తీసి బ్యాంకులో వేసుకున్న మరుక్షణం ఆ కవచం పోతుంది. యాభై తొమ్మిదిన్నర ఏళ్ళు నిండకముందు తీస్తే పన్నుకి అదనంగా 10 శాతం పెనాల్టీ కూడా. అదీ కాక అదే సొమ్ముతో ఇండియాలో ఫ్లాట్ కొంటే, కాపాడుకున్న డబ్బుని కాపాడలేని ఆస్తిగా మార్చుకున్నట్టు. ఇండియా వెళ్ళినంత మాత్రాన ప్లాన్ మూసేయాల్సిన పనిలేదు. అది అలాగే ఉంది.

టికెట్ల విషయంలో నేను గట్టిగానే మాట్లాడాను. పిటిషన్‌కి ముందు 90 రోజుల్లో ఒకే కార్డు కంపెనీ దగ్గర 900 డాలర్లు దాటిన విలాస ఖర్చుని తీర్చే ఉద్దేశం లేకుండా చేసిన అప్పుగా చట్టం ముందే అనుకుంటుంది. 70 రోజుల్లో 1,250 డాలర్లు దాటిన క్యాష్ అడ్వాన్సులకీ అంతే. 90 రోజులు దాటితే సరే అనుకోవద్దు. దివాలా వేయబోతున్నామని తెలిసి, దేశం వదిలి వెళ్ళే టికెట్లని కార్డు మీద కొనడం కన్నా స్పష్టమైన సాక్ష్యం అప్పిచ్చినవాడికి ఇంకేం కావాలి? ఆ ఒక్క అప్పు మిగిలిపోవడమే కాదు, మిగతా కాగితాల మీద నమ్మకం కూడా పోతుంది. జనవరి మొదటి నుంచి కార్డులన్నీ పక్కన పెట్టారు. టికెట్లు పిటిషన్ తర్వాత వచ్చిన జీతంతో కొన్నారు.

ఆగిన మూడు నెలలు

జనవరిలో ఒక కార్డు కంపెనీ 14,000 డాలర్లకి జస్టిస్ కోర్టులో (చిన్న దావాల కోర్టులో) దావా వేసింది. అందిన 14 రోజుల్లో జవాబు వేయాలి, వేశాం. విచారణకి వచ్చేలోపే దివాలా కేసు పడింది, దావా ఆగిపోయింది. టెక్సాస్‌లో ఇలాంటి అప్పులకి జీతం పట్టుకునే వీల్లేదు, అది రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. తీర్పు వచ్చాక బ్యాంకు ఖాతాని మాత్రం పట్టుకోవచ్చు. వేరే రాష్ట్రంలో అయితే ఇంత ధైర్యంగా ఆగమని చెప్పేవాణ్ణి కాను. ఒక బ్యాంకులో వీళ్ళకి కార్డు అప్పూ ఉంది, జీతం పడే ఖాతా కూడా ఉంది. ఖాతాలో సొమ్ముని అప్పు కింద జమ చేసుకునే ప్రమాదం ఉంది కాబట్టి జీతాన్ని వేరే బ్యాంకుకి మార్పించాం. మూసిన పాత ఖాతాని పిటిషన్‌లో రాశాం.

అన్నయ్యకి తీర్చిన చేబదులు

ఈ కేసులో తేలికగా తెగని ముడి ఇదొక్కటే. 2022లో భార్య అన్నయ్య వీళ్ళకి చేబదులుగా డబ్బిచ్చారు. 2024 అక్టోబరులో, చేతిలో సెవెరెన్స్ ఉన్నప్పుడు, ఆవిడ 5,400 డాలర్లు పంపి ఆ బాకీ తీర్చేశారు. మన ఇళ్ళలో ఇది మర్యాద. బ్యాంకు ఆగుతుంది, అన్నయ్య ముందు తల దించుకోకూడదు. దివాలా చట్టం దీన్ని వేరేలా చూస్తుంది. పిటిషన్‌కి ముందు ఏడాదిలో దగ్గరి బంధువుకి అప్పు తీరిస్తే, మిగతా అప్పిచ్చినవాళ్ళకి దక్కాల్సిన వాటా ఒక్కరికే వెళ్ళిందని ట్రస్టీ దాన్ని వెనక్కి అడగవచ్చు. అప్పిచ్చిన బయటివాళ్ళకైతే 90 రోజులే వెనక్కి చూస్తారు.

2025 అక్టోబరు దాకా ఆగితే ఈ ఏడాది దాటేది, కానీ అప్పటికి కుటుంబం అమెరికాలో ఉండదు. అన్నయ్య దగ్గర నుంచి డబ్బు తిరిగి తెప్పిస్తే అది బ్యాంకు నిల్వకి చేరి వైల్డ్‌కార్డ్ పరిమితి దాటుతుంది. అన్నీ లెక్కేసి, ఉన్నది ఉన్నట్టు రాసి ట్రస్టీతో నేరుగా మాట్లాడదామని చెప్పాను. ఆవిడ చాలా సేపు మాట్లాడలేదు. అన్నయ్యకి అమెరికా నుంచి కోర్టు నోటీసు వెళ్తుందేమోనన్నది ఆవిడ భయం. ఆ భయాన్ని చిన్నది చేసి మాట్లాడటం నాకు తగదనిపించింది. అలాంటి నోటీసు వెళ్ళే అవకాశం ఉందనీ, కానీ హైదరాబాద్‌లో ఉన్న మనిషి నుంచి అంత మొత్తం రాబట్టడానికి అయ్యే ఖర్చు ట్రస్టీ కూడా లెక్కేసుకుంటారనీ చెప్పాను. నిజంగా ఉన్న బాకీని తీర్చడం మోసం కిందకి రాదు, దాన్ని దాచడం వస్తుంది. తండ్రి ఆసుపత్రికి నెలనెలా పంపిన డబ్బుని కూడా రాశాం. రెండేళ్ళలో ఒక మనిషికి 600 డాలర్లు దాటి ఇచ్చిందంతా చూపించాలి.

పిటిషన్ నుంచి ప్రయాణం దాకా

క్రెడిట్ కౌన్సెలింగ్ మార్చిలో ఆన్‌లైన్‌లో ముగించారు. 2025 ఏప్రిల్ 7న 338 డాలర్ల ఫీజుతో ఇద్దరి పేరు మీదా చాప్టర్ 7 వేశాం. ఆదాయం ఫారంలో చివరి ప్రశ్న రాబోయే ఏడాదిలో మార్పు ఉంటుందా అని అడుగుతుంది. జూన్‌లో హైదరాబాద్ వెళ్తున్నామని, జూలై నుంచి అక్కడి ఉద్యోగమని, జీతం ఎంతో రాశాం, ఆఫర్ లెటర్ జత చేశాం. ప్రయాణం సంగతి ట్రస్టీ అడిగితే చెబుదాంలే అనుకునేవాళ్ళు చాలామంది. మనమే ముందు రాస్తే అది ఒక వివరం. వాళ్ళు తర్వాత కనిపెడితే పారిపోతున్నట్టు కనిపిస్తుంది.

భార్య ఏప్రిల్‌లోనే పిల్లలతో వెళ్ళి స్కూల్ సీట్లు చూసుకుంటానన్నారు. ఒప్పుకోలేదు. 341 మీటింగ్ మే 8కి పడింది, జూమ్‌లోనే అయినా ఇద్దరూ ఉండాలి, ఫోటో గుర్తింపు, సోషల్ సెక్యూరిటీ రుజువు చూపించాలి. ఆవిడ తెలుగు దుబాసీని అడిగారు. ఉచితంగా ఫోన్‌లో ఏర్పాటు చేస్తారు, మొహమాటపడకుండా అడగవచ్చు. ట్రస్టీ ప్లాటు గురించి, జాయింట్ ఖాతా గురించి అడిగి, అన్నయ్య చెల్లింపు దగ్గర ఆగారు. మీటింగ్ మే 22కి వాయిదా వేశారు. ఈలోపు మాట్లాడుకుని 3,600 డాలర్లకి రాజీ కుదిరింది. వీళ్ళే పిటిషన్ తర్వాత వచ్చిన జీతంలోంచి రెండు వాయిదాల్లో కట్టేలా, అన్నయ్యని కదపకుండా. మే 22న మీటింగ్ ముగిసింది. రాజీకి కోర్టు ఆమోదం తర్వాత వచ్చింది.

రెండో కారు, అప్పు ఉన్న ఎస్‌యూవీ, కొనసాగించే ఒప్పందం చేసుకోకుండా జూన్ మొదట్లో అప్పిచ్చిన కంపెనీకి అప్పగించేశారు. వేలంలో తగ్గిన మొత్తం డిశ్చార్జ్‌లోకి పోయింది. పాత కారుని వెంటనే అమ్మనివ్వలేదు. మీటింగ్ ముగిశాక 30 రోజుల్లో ట్రస్టీగాని అప్పిచ్చినవాళ్ళుగాని అభ్యంతరం చెప్పకపోతే మినహాయింపు ఖాయమవుతుంది. ఆ గడువు జూన్ మూడో వారం దాటాక తీరింది, కారుని వీళ్ళ దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ తీసుకున్న స్నేహితుడు అమ్మిపెట్టారు. అప్పటికి వీళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ కోర్సు విమానం ఎక్కేలోపే చేయించాను. దీన్ని మర్చిపోయి డిశ్చార్జ్ లేకుండానే కేసు మూతపడినవాళ్ళున్నారు. కొత్త చిరునామా కోర్టుకి తెలియజేశాం.

డిశ్చార్జ్‌కి అభ్యంతరం చెప్పే గడువు మొదట పెట్టిన మీటింగ్ తేదీ నుంచి 60 రోజులు, అంటే జూలై 7. ఎవరూ చెప్పలేదు. జూలై రెండో వారంలో డిశ్చార్జ్ వచ్చింది. రాజీ సొమ్ము పంచాల్సి ఉంది కాబట్టి కేసు మాత్రం తెరిచే ఉంది.

ఒక అప్పు గురించి వాళ్ళకి ముందే చెప్పి ఉంచాను. తండ్రి ఇంటి లోన్‌లో ఈయన సహ దరఖాస్తుదారు, ఇండియా బ్యాంకుది. దాన్ని కూడా పిటిషన్‌లో రాశాం, రాయాల్సిందే. కానీ సరిహద్దు దాటిన దివాలాలపై ఐక్యరాజ్యసమితి సంస్థ ఉన్సిట్రాల్ రూపొందించిన నమూనా చట్టాన్ని ఇండియా స్వీకరించలేదు. టెక్సాస్ కోర్టు డిశ్చార్జ్ హైదరాబాద్‌లో ఉన్న బ్యాంకుని కట్టిపడేయదు. ఆ ఇంట్లోనే ఉండబోతున్నారు కాబట్టి వాయిదాలు ఇష్టపూర్వకంగా కడుతూనే ఉన్నారు. డిశ్చార్జ్ అయిన అప్పుని కూడా స్వచ్ఛందంగా తీర్చడానికి చట్టంలో అడ్డు లేదు.

సెప్టెంబరులో ఒక వసూలు ఏజెన్సీ తండ్రి ఫోన్‌కి కాల్ చేసి, కొడుకు కార్డు అప్పు గురించి గట్టిగా మాట్లాడింది. డయాలిసిస్ నుంచి వచ్చిన మనిషికి ఆ ఫోన్. డిశ్చార్జ్ అయిన అప్పుని అడగడమే కోర్టు ఆజ్ఞ ఉల్లంఘన. డిశ్చార్జ్ ఆర్డర్ నకలుతో ఆ ఏజెన్సీకి, అసలు కంపెనీకి అదే రోజు ఉత్తరం పంపాను, మళ్ళీ ఫోన్ వస్తే కోర్టుకి వెళ్తానని రాశాను. అప్పులు పోయాక కూడా డిశ్చార్జ్ ఆర్డర్ నకలు ఫోన్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచుకోమని అందరికీ చెప్పేది ఇందుకే. రాని ఫోన్ల కోసం కాదు, వచ్చేవాటికి ఇంట్లో ఎవరైనా జవాబు చెప్పగలగాలి. ఆ ఏజెన్సీ నుంచి మళ్ళీ కాల్ రాలేదు. ట్రస్టీ తుది నివేదిక వేశాక నవంబరులో కేసు మూసేశారు.